పిల్ల పుట్టకముందే పండాల్సిన పంట

బీకరును ట్యూబులైటు వైపు ఎత్తి పట్టుకుని ఆ హ్యాచరీ టెక్నీషియన్ అడిగింది ఒక్కటే: "దారం కనిపిస్తోందా సార్?"

మొదట నాకేమీ కనిపించలేదు. నీళ్లలో నలుసులు ఎగిరెగిరి పడుతున్నట్టు ఉంది, అంతే. కళ్లు అలవాటు పడ్డాక ఒక్కో నలుసు వెనకా సన్నని గోధుమరంగు పోగు వేలాడుతుండటం తెలిసింది. ఆ నలుసులు రొయ్యపిల్లలు. గుడ్డులోంచి వచ్చి మూడు రోజులైంది. ఆ పోగు వాటి మలం. పోగు పొడవుగా ఉంటే పిల్ల కడుపునిండా తింటోందని అర్థం. పోగు కురచైతే ఏదో తేడా చేసిందన్నమాట. చాలా పిల్లలకు పోగే లేకపోతే ఆ ట్యాంకు మీద ఆశ వదులుకోవడం మొదలుపెట్టాలి. "మాకు నాడి చూడటమంటే ఇదే సార్" అన్నాడాయన.

ఇది వాకాడు వైపు తీరంలో మాట. పాత చిత్తూరు జిల్లా వాళ్లకు సముద్రమంటే మద్రాసు మెరీనాయే. గుల్లలంటే గోడకు కొట్టే సున్నం, తాంబూలంలో రాసుకునే సున్నం. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా ఏర్పడినప్పుడు వాకాడు, తడ, సూళ్లూరుపేట ప్రాంతాలు కలిసి, కొండ కింది జిల్లాకు సముద్రపు ఒడ్డు, పులికాట్ సరస్సులో వాటా వచ్చాయి. ఒడ్డుతో పాటే రొయ్యల చెరువులూ, గుడ్లు పొదిగించి పిల్లలను పెంచే హ్యాచరీలూ వచ్చాయి. తిరుపతి నుంచి రెండున్నర గంటలు ప్రయాణం చేసి నేను చూడటానికి వెళ్లింది మాత్రం రొయ్యలను కాదు, అవి తినేదాన్ని. ఆ పోగుకు గోధుమరంగు ఇచ్చినదాన్ని: శైవలం అనే, ఒక్కో కణంగా నీళ్లలో తేలే సన్నని నాచును.

రొయ్యలైనా ఆల్చిప్పలైనా మనం తినే సైజులో చూస్తే వాటి బాల్యం ఊహకు అందదు. రొయ్య గుడ్డులోంచి వచ్చిన మొదటి దశను నాప్లి అంటారు. దానికి మేత అక్కర్లేదు. తల్లి కట్టి పంపిన సద్దిమూట, అంటే గుడ్డుసొన, ఒళ్లోనే ఉంటుంది. దాదాపు రెండు రోజులకు సద్ది అయిపోతుంది, పిల్ల జోయా దశలోకి మారుతుంది, అప్పుడు తొలిసారి తినడం మొదలుపెడుతుంది. ఆ క్షణానికి చుట్టూ నీళ్లలో మేత తయారుగా ఉండాలి. దానికి వేటాడే శక్తి లేదు, వెతుక్కునే తెలివీ లేదు. కాళ్లాడిస్తూ పోతుంటే ఎదురైనదే అన్నం.

ఆల్చిప్ప సంగతి ఇంకా సూక్ష్మం. తల్లి గుడ్లనూ తండ్రి బీజాన్నీ నీళ్లలోకి వదిలేస్తాయి. అవి కలిసి ఒక్క రోజు తిరిగేసరికి రెండు పలకల చిప్ప కట్టుకున్న పిల్ల తయారవుతుంది. ఒక వైపు తిన్నగా, మరో వైపు గుండ్రంగా, అచ్చం ఇంగ్లీషు 'డి' అక్షరంలా ఉంటుంది కాబట్టి దాన్ని డి-దశ అంటారు. కొలిస్తే 60, 70 మైక్రాన్లు. మన తల వెంట్రుక మందమూ అంతే. వెంట్రుక మందమున్న ప్రాణికి నోరెంత, ఆ నోట్లో పట్టే ముద్ద ఎంత? పది మైక్రాన్లకు లోపు. చిప్పలోంచి గొడుగులా బయటికి తెరుచుకునే ఒక అవయవం చుట్టూ నూగు ఉంటుంది. ఆ నూగు అల్లాడుతూ నీళ్లలోని కణాలను నోటి వైపు నెడుతుంది. పళ్లు లేవు, నమలడం లేదు, దొరికింది దొరికినట్టు మింగడమే.

మరి చేపల మేతనే మెత్తగా దంచి పోస్తే పోలేదా అని నేనూ అడిగాను. దంచితే పిండి అవుతుంది గానీ కణం కాదు. నీళ్లలో పడగానే దానిలోని సారమంతా కరిగి జారిపోతుంది, మిగిలిన పిప్పి అడుగుకు చేరి కుళ్లుతుంది. ఆ కుళ్లు మీద విబ్రియో జాతి బ్యాక్టీరియా పండగ చేసుకుంటుంది. అదే ప్రాణమున్న శైవలకణమైతే తన సారాన్ని తన గోడ లోపలే మూటగట్టుకుని, మునగకుండా తేలుతూ, తినేదాకా చెడకుండా ఉంటుంది. దాన్ని మించిన ప్యాకింగు ఇంకా ఎవరూ కనిపెట్టలేదు.

అయితే పచ్చగా ఉన్నదల్లా మేత కాదు. ఈ ఒక్క విషయంలోనే చాలామంది పొరబడతారు. ఎండాకాలంలో కోనేటి నీళ్లు చిక్కటి ఆకుపచ్చగా మారితే అందులో కోట్లాది శైవలాలు ఉన్నమాట నిజమే. కానీ అలా ముదిరిన పచ్చదనంలో తరచు విషాన్ని ఊరించే నీలి-ఆకుపచ్చ రకాలే పైచేయిగా ఉంటాయి. పోనీ, మందుల షాపుల్లో మాత్రలుగా అమ్మే స్పిరులినా? అది మనకు మంచిదేమో గానీ, దాని ఒక్కో పోగు వందల మైక్రాన్ల పొడవుంటుంది. ఆల్చిప్ప పిల్లకు అది కొండచిలువ. ఇక నానోక్లోరోప్సిస్ అనే రకం చూస్తే 2 నుంచి 4 మైక్రాన్లు, సైజు బ్రహ్మాండం, పెంచడమూ తేలిక. కానీ దాని గోడ గట్టిది. పిల్ల మింగుతుంది, అరిగించుకోలేదు. లోపలికి వెళ్లింది వెళ్లినట్టే బయటికి వస్తుంది.

నోట్లో పట్టాలి, కడుపులో అరగాలి, ఆ మీద ఒంటికి పట్టాలి. మూడోది కొవ్వుల దగ్గర తేలుతుంది. చేపనూనె మాత్రల డబ్బాల మీద డీహెచ్‌ఏ, ఈపీఏ అని రాసి ఉంటుంది చూడండి, అవే ఈ పిల్లలకూ కావాలి. అవి లేకపోతే పిల్ల కొన్నాళ్లు ఈదుతుంది గానీ ఎదగదు. నిజానికి చేపలో ఉన్న ఆ కొవ్వులు కూడా చాలావరకు చేప సొంతం కావు. ఒకరినొకరు తింటూ పోయే వరుసలో అట్టడుగున ఉన్న శైవలం తయారు చేసినవే. ఐసోక్రైసిస్ అనే బంగారు గోధుమరంగు శైవలంలో డీహెచ్‌ఏ బాగా ఉంటుంది, ఈపీఏ తక్కువ. కీటోసిరాస్ అనే డయాటమ్ తెగ శైవలంలో ఈపీఏ బాగా ఉంటుంది, డీహెచ్‌ఏ తక్కువ. అందుకే ఆల్చిప్పల హ్యాచరీల్లో రెంటినీ కలిపి పెడతారు. అన్నంలో లేనిది పప్పులో, పప్పులో లేనిది అన్నంలో ఉన్నట్టు. ఒక్క రకంతోనే పెంచిన పిల్లల కంటే కలగూరగా తిన్న పిల్లలు బాగా ఎదగడం పదే పదే రుజువైంది.

ఈ జ్ఞానం ఊరికే రాలేదు. జపాన్‌లో మొటోసాకు ఫుజినాగా 1930లలో రొయ్యల చేత గుడ్లు పెట్టించి పిల్లలను పొదిగించినా, అవి జోయా దశ దాటడం కష్టమైంది. స్కెలెటోనీమా అనే డయాటమ్‌ను విడిగా పెంచి పెట్టాకే దారి తెరుచుకుంది. 1942లో వెలువడిన ఆయన పరిశోధనపత్రమే నేటి రొయ్యల హ్యాచరీలన్నిటికీ మూలపురుషుడు. దాదాపు అదే కాలంలో ఐల్ ఆఫ్ మ్యాన్ దీవిలోని పోర్ట్ ఎరిన్‌లో మేరీ పార్క్ అనే శాస్త్రవేత్త ఆల్చిప్ప పిల్లలకు నచ్చే శైవలాలను ఒక్కొక్కటిగా వేరుచేసే పని పెట్టుకుంది. ఐసోక్రైసిస్ గాల్బానా అలా దొరికిందే. 1949లో దానికి ఆ పేరు పెట్టి వర్ణించింది కూడా ఆమే. మన దగ్గర తూత్తుకుడిలో సీఎంఎఫ్‌ఆర్‌ఐ (కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ) శాస్త్రవేత్తలు 1973లో ముత్యాన్ని పండించారు. అప్పటికి ఆల్చిప్పలను సముద్రంలోంచే ఏరి తెచ్చుకునేవారు. 1981లో హ్యాచరీలోనే ముత్యపు చిప్పల పిల్లలను పుట్టించి పెంచగలిగారు, ఆ పిల్లల నోటికి అందించిందీ ఐసోక్రైసిస్‌నే. స్వాతి వాన చినుకు ఆల్చిప్పలో పడితే ముత్యమవుతుందని మనవాళ్లు చెప్పుకున్నారు. ఆ ఆల్చిప్ప అంతదాకా ఏం తిని పెరిగిందో మాత్రం ఎవరూ చెప్పలేదు.

శైవలం పెంచే గదిలోకి వెళ్లాలంటే చెప్పులు బయట విప్పి, కాళ్లు మందునీళ్లలో ముంచి, చేతులు స్పిరిట్‌తో తుడుచుకోవాలి. తిరుమల వెళ్లేవాళ్లకు చెప్పులు విప్పడం కొత్త కాదు గానీ, ఇంత మడి నేను గుళ్లో కూడా చూడలేదు. లోపల ఏసీ చల్లదనం, గోడ పొడుగునా ట్యూబులైట్లు, వాటి ముందు అరల్లో టెస్ట్‌ట్యూబులు, ఫ్లాస్కులు, వేలాడదీసిన ప్లాస్టిక్ సంచులు. లేత తేనెరంగు నుంచి చిక్కటి కాఫీరంగు దాకా వరసగా.

ఇక్కడ జరిగే పనికి మన వంటింట్లో సరిగ్గా సరిపోయే మాట ఉంది: తోడు. పాలలో చెంచాడు పెరుగు వేస్తే తెల్లారేసరికి గిన్నెడు పెరుగైనట్టు, 20 మిల్లీలీటర్ల టెస్ట్‌ట్యూబులోని శైవలాన్ని పావు లీటరు ఫ్లాస్కుకు తోడు వేస్తారు. అది చిక్కబడ్డాక మూడు, నాలుగు లీటర్ల ఫ్లాస్కుకు, దాన్ని 20 లీటర్ల క్యానుకు, ఆ పైన 200 లీటర్ల తొట్టికి, చివరికి బయట ఎండలో ఉండే టన్ను ట్యాంకుకు. తోడు దాదాపు పదో వంతు ఉండాలి. ఒక్కో మెట్టుకు నాలుగైదు రోజులు. ఆ లెక్కన మొదటి ట్యూబు నుంచి టన్ను ట్యాంకు నిండేసరికి మూడు, నాలుగు వారాలు గడుస్తాయి.

పాలలో పోషకాలు వాటంతట అవే ఉంటాయి, సముద్రపు నీళ్లలో అంత ఉండవు. కాబట్టి ఎరువు వేయాలి. ప్రపంచమంతటా ఎక్కువగా వాడే ఎరువు మిశ్రమం పేరు 'ఎఫ్ బై టూ'. 1962లో అమెరికా శాస్త్రవేత్తలు రాబర్ట్ గిలార్డ్, జాన్ రైథర్ 'ఎఫ్' అనే మిశ్రమాన్ని ప్రకటించారు. తర్వాత దాన్ని సగానికి పలచన చేసినా సరిపోతుందని తేలి, ఆ పేరు స్థిరపడింది. మన హోటళ్లలో బై టూ కాఫీ అన్నట్టే, సగం అని అర్థం. లీటరు నీటికి సోడియం నైట్రేటు 75 మిల్లీగ్రాములు, ఫాస్ఫేటు 5 మిల్లీగ్రాములు, అణుమాత్రంగా ఇనుము, మాంగనీసు, జింకు వంటి లోహాలు, మూడు రకాల విటమిన్లు. విటమిన్లెందుకని ఆశ్చర్యం వేసింది నాకు. చాలా శైవలాలు బి12ను సొంతంగా తయారు చేసుకోలేవట. మనలాగే.

డయాటమ్‌లకు పై దినుసులతో పాటు సిలికేటు 30 మిల్లీగ్రాములు కూడా కలపాలి. ఎందుకంటే కీటోసిరాస్ గాజు ఇంట్లో కాపురముంటుంది. దాని గోడ సిలికాతో కట్టింది. సూక్ష్మదర్శినిలో చూస్తే చిన్న డబ్బా, నాలుగు మూలలా నాలుగు ముళ్లు. కణం రెండుగా చీలిన ప్రతిసారీ కొత్త గాజు గోడ కట్టుకోవాలి. సిలికేటు లేకపోతే చీలడం ఆగిపోతుంది.

ఈ ఒక్క దినుసు విలువ నేను చేతులు కాల్చుకుని తెలుసుకున్నాను. ఆ గదిలోంచి ఒక చిన్న ట్యూబు అడిగి తెచ్చుకుని, తూపిలిపాళెం బీచిలో పట్టుకున్న సముద్రపు నీటిని వడగట్టి కాచి చల్లార్చి, తిరుపతిలో మా ఇంటి వంటగది కిటికీలో రెండు లీటర్ల సీసాతో ప్రయోగం మొదలుపెట్టాను. తొట్టి చేపలకు గాలి ఊదే చిన్న పంపు తగిలించాను. మొదటిసారి సిలికేటు మరిచిపోయాను. వారం గడిచినా నీళ్లు నీళ్లలాగే ఉన్నాయి. రెండోసారి అన్నీ సరిగ్గా వేశాను. మూడో రోజుకు లేత గోధుమరంగు, నాలుగో రోజుకు చక్కటి టీ రంగు. ఇంటికొచ్చిన వాళ్లందరికీ చూపించాను. ఐదో రోజు రాత్రి కరెంటు పోయింది. మే నెల ఉక్కలో గాలి ఆడక ఆరేడు గంటలు. తెల్లారి చూస్తే పైన తేట నీళ్లు, అడుగున బురద, మూత తీస్తే కుళ్లు వాసన. మా ఆవిడ ఒక్కసారి వాసన చూసి, "ఏమండీ, పెరుగు తోడైతే ఇరవై ఏళ్లుగా తెగకుండా నిలబెట్టాను, మీది ఐదు రోజులు నిలవలేదే" అంది.

హ్యాచరీ వాళ్లు దీన్ని క్రాష్ అంటారు. శైవలం పెరుగుదలకు ఒక నడక ఉంది. మొదట తటపటాయిస్తుంది, తర్వాత పరుగందుకుంటుంది. రోజుకొక్కసారి రెట్టింపయ్యే రకమైనా మిల్లీలీటరుకు లక్ష కణాలతో మొదలుపెడితే ఆరో రోజుకు 64 లక్షలు. ఆ పైన వెలుతురు లోపలిదాకా చొరబడదు, ఎరువు అయిపోతుంది, పెరుగుదల నిలిచిపోతుంది, ఒక్కసారిగా కుప్పకూలుతుంది. పరుగు ఆగబోయే ముందు కోసిందే మంచి మేత. ముదిరినదాంట్లో చచ్చిన కణాలు, వాటిని తినే బ్యాక్టీరియా పిల్లల ట్యాంకులోకి చేరతాయి. అందుకే రోజూ ఒక చుక్క తీసి, అయోడిన్ ద్రావణంతో కణాలను కదలకుండా చేసి, రక్తకణాలు లెక్కించే గాజుపలక మీదే వీటినీ లెక్కిస్తారు. ఆ టెక్నీషియన్ మాత్రం రంగు చూసి ముందే సంఖ్య చెప్పేవాడు, లెక్కిస్తే పెద్దగా తేడా వచ్చేది కాదు.

వెలుతురు, ఎరువు సరే. అసలు శత్రువు దొంగచాటుగా వచ్చేది. ఒక్క ఏకకణజీవి, నూగుతో ఈదే రకం, ట్యాంకులోకి జొరబడితే రెండు రోజుల్లో పంటంతా మేసేస్తుంది. అందుకే పెద్ద ట్యాంకుల నీటికి ముందు క్లోరిన్ పట్టించి, ఆ క్లోరిన్‌ను థయోసల్ఫేటుతో విరిచి, ఆ తర్వాతే తోడు వేస్తారు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈ తీరంలో వానలు దంచికొడతాయి. స్వర్ణముఖి నీళ్లు వచ్చి కలిసిన రోజుల్లో సముద్రపు నీటి ఉప్పదనం పడిపోతుంది, మడ్డి పెరుగుతుంది. ఆ రోజుల్లో మంచి నీటిని ముందే పట్టి దాచుకోవడం తప్ప గత్యంతరం లేదు.

ఇంత తంటా పడి పెంచే మేత ఎంత కావాలి? ఇక్కడే నాకు చాలా రోజులుగా అర్థం కాని ఒక చిక్కుముడి విడిపోయింది. దేశంలో రొయ్యల సాగుకు ఆంధ్రా తీరం పెట్టింది పేరు. 2009లో వనామీ రకం రొయ్యకు అనుమతి వచ్చాక హ్యాచరీలు ఒడ్డు పొడుగునా వెలిశాయి. అదే ఒడ్డున ఆల్చిప్పల హ్యాచరీ ఒక్కటీ నా కంట పడదేం? తినే అలవాటు లేకపోవడం ఒక కారణమే, కాదనను. కానీ మేత లెక్క వేస్తే మరో కారణం కనిపిస్తుంది.

రొయ్యపిల్ల శైవలాన్ని నమ్ముకునేది జోయా, దాని తర్వాతి మైసిస్ దశల్లో, వారం పది రోజులు. ఆ తర్వాత ఆర్టీమియా అనే బుల్లి ఉప్పునీటి ప్రాణి మేతగా వస్తుంది. అది డబ్బాలో ఎండుగుడ్లుగా దొరుకుతుంది, ఉప్పునీళ్లలో వేస్తే ఒక రోజులో పొదిగి ఈదే మేత అవుతుంది. ఆ పైన బస్తాల్లో వచ్చే పొడి మేత. అంటే రొయ్యకు శైవలం పసితనపు ఉగ్గు మాత్రమే.

ఆల్చిప్పకు అలా కాదు, బతికినంతకాలం అదే అన్నం. ఈదే పిల్లగా రెండు, మూడు వారాలు, దేనికో ఒకదానికి అతుక్కుని చిప్ప గట్టిపడేదాకా ఇంకొన్ని వారాలు, అదంతా హ్యాచరీ వాడే పోసి పెట్టాలి. ఈదే దశలో భారం తేలికే. వెయ్యి లీటర్ల ట్యాంకులో మిల్లీలీటరుకు 50 వేల కణాలు ఉంచాలంటే మొత్తం 5,000 కోట్ల కణాలు కావాలి. వినడానికి గుండె ఆగుతుంది గానీ, మిల్లీలీటరుకు 50 లక్షల కణాలున్న శైవలం పది లీటర్లు పోస్తే చాలు. అతుక్కున్నాక మొదలవుతుంది అసలు కథ. ప్రాణమున్న పిల్లలు కిలో బరువుంటే వారానికి 400 గ్రాముల శైవలం, ఎండు బరువులో, పెట్టాలన్నది ఆ రంగంలో వాడే లెక్క. బాగా చిక్కబడిన ఐసోక్రైసిస్ లీటరులో ఎండు పదార్థం దాదాపు 0.2 గ్రాములు అనుకుందాం. అంటే కిలో పిల్లలకు వారానికి 2,000 లీటర్లు, రోజుకు 280కి పైగా. మన ఇళ్లకు వచ్చే 20 లీటర్ల నీళ్ల క్యాన్లు పద్నాలుగు, రోజూ, గోరు మీద పట్టే చిప్పల గుప్పెళ్లు కొన్నిటికి. వచ్చే వారానికి అవి పెరుగుతాయి, క్యాన్లూ పెరుగుతాయి. ఆల్చిప్పల హ్యాచరీ నడిపే ఖర్చులో దాదాపు మూడో వంతు మేత పెంపకానికే పోతుందంటే ఇప్పుడు నాకు ఆశ్చర్యం లేదు. పేరుకు అది ఆల్చిప్పల హ్యాచరీ. చేసేది శైవలాల వ్యవసాయం, ఆల్చిప్పలు దాని మీద బతికే చుట్టాలు.

ఈ ఖర్చు తప్పించుకోవడానికి ప్రయత్నాలు జరగకపోలేదు. ఈస్టు పెట్టి చూశారు, శైవలాన్ని ఎండబెట్టి పొడి చేసి చూశారు, గడ్డకట్టించి చూశారు. వీటిలో కాస్త నిలదొక్కుకున్నది చిక్కటి పేస్టు. ఫ్రిజ్‌లో పెట్టుకుని చెంచాలతో తీసి కలుపుకోవచ్చు, క్రాష్ అయిన రోజున ప్రాణం నిలబెడుతుంది. అయినా కణం చచ్చిపోయాక తేలదు, ఒకదానికొకటి అంటుకుంటుంది, నీళ్లు త్వరగా పాడవుతాయి. సగం మేతగా పనికొస్తుంది, పూర్తి మేతగా కాదు. పాలపొడితో బిడ్డను సాకవచ్చు గానీ పాడి ఉన్న ఇంట్లో ఎవరూ ఆ పని చేయరు.

అందుకే తెలివైన ఆల్చిప్పల పెంపకందారుడు పిల్లలను వీలైనంత త్వరగా హ్యాచరీ గడప దాటిస్తాడు. ఉప్పుటేరులోనో తీరపు నీళ్లలోనో బుట్టల్లో వేలాడదీస్తే అక్కడి శైవలం ఉచితం, వెలుగిచ్చేది సూర్యుడు, ఎరువిచ్చేది నది. కేరళలో కాసరగోడ్ వైపు తాళ్లకు కట్టి పెంచే ఆకుపచ్చ ఆల్చిప్పలకు ఎవరూ పిడికెడు మేత వేయరు. పులికాట్‌లోనూ ఆల్చిప్పలు ఎప్పటినుంచో ఉన్నవే. మనం గోడలకు కొట్టిన గుల్లసున్నంలో ఆ సరస్సు అడుగున పేరుకున్న చిప్పలూ ఉన్నాయి. చలికాలంలో సూళ్లూరుపేట దాకా వెళ్లి చూసే రాజహంసల గులాబీ రంగు కూడా శైవలాల నుంచి, వాటిని తిన్న చిన్న ప్రాణుల నుంచి వచ్చినదే. పక్షుల రక్షిత ప్రాంతంలో బుట్టలు వేలాడదీయడం కుదిరే పని కాదు, కుదరాలని నేను కోరుకోవడమూ లేదు. మనం ఏసీ గదిలో, ట్యూబులైట్ల కింద, బి12 వేసి మరీ పండించే పంట అక్కడ ఎవరూ విత్తకుండా పండుతోందని తెలిశాక మాత్రం, ఆ మురికిపచ్చ నీళ్లను చూసే నా చూపు మారింది.

బయలుదేరే ముందు మళ్లీ ఆ గదిలోకి తొంగి చూశాను. టెక్నీషియన్ స్పిరిట్ దీపం మంటలో ట్యూబు మూతిని తిప్పి, కొత్త ఫ్లాస్కులోకి గోధుమరంగు నీళ్లు వంచాడు. దూది బిరడా బిగించి, చీటీ మీద తేదీ రాసి అంటించాడు.

"ఇందాక చూపించిన పిల్లలకేనా?" అని అడిగాను.

"కాదు సార్. ఇది పెద్ద ట్యాంకుకు చేరేసరికి అవి చెరువులో ఉంటాయి. ఇది వచ్చే నెల దిగే నాప్లికి."

"ఆ నాప్లి ఎక్కడున్నాయి ఇప్పుడు?"

"ఇంకా గుడ్లు కూడా పెట్టలేదు సార్" అని, ఆయన రెండో ట్యూబు అందుకున్నాడు.